నమ్మించిన గొంతు

ఫిబ్రవరి 20

ఒరేయ్ బుడ్డోడా,

తాళాల లోపల ఎలా ఉన్నావురా? వేళకి తింటున్నావా, లేక పరీక్ష రాసేది నువ్వే అయినట్టు బెంగపెట్టుకుని చిక్కిపోతున్నావా? నేను బాగున్నాను. బాగుండటమేంటి, కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

ముందుగా, గేటు దగ్గర కూర్చుని అందరి ఉత్తరాలూ విప్పి చదివే మీ కళ్ళజోడాయనకి నమస్కారాలు. అయ్యా, మీరూ తీరిగ్గా చదువుకోండి. ఇందులో ప్రశ్నపత్రాల ఊసేమీ లేదు, అన్నీ మా ఇంటి గొప్పలే.

నాకు ఉద్యోగం వచ్చిందిరా!

బస్టాండులో మైకు ముందునుంచి నన్ను లేపేసి, ఆ కుర్చీలో రికార్డు పెట్టె పెట్టినప్పటినుంచి నా బతుకు నీకు తెలుసుగా. పొద్దస్తమానం గోళ్ళు గిల్లుకోవడం, ఫోన్లో ఉద్యోగాలు వెతకడం. మీ బావ ఊరుకుంటాడా? "బస్సులు లేక దీని నోరు తుప్పు పడుతోంది. భోజనానికి పిలవాలన్నా 'ప్రయాణికులకు మనవి' అంటోంది" అని గ్యారేజీలో అందరికీ చెప్పి నవ్వించాడట. నవ్వనీ. ఇప్పుడు నేను నవ్వుతున్నాను.

"మంచి గొంతున్న ఆడవాళ్ళు కావాలి, ఇంటినుంచే పని" అని ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. గొంతు రికార్డు చేసి పంపాను. టీ చల్లారేలోపు జవాబొచ్చింది, మీలాంటి వాళ్ళకోసమే చూస్తున్నాం మేడం అని. పనేంటో తెలుసా? ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకి ఫోన్ చేసి, మీరు ఎంపికయ్యారు అని చెప్పడం! బస్సు ఆలస్యమని చెప్పి ఇన్నేళ్ళు తిట్లు తిన్న నోటితో ఇప్పుడు శుభవార్తలు చెప్తున్నాను. నిన్న ఒకమ్మాయి ఆనందంతో ఏడ్చేసింది. ఇంకొకతి, "మీ గొంతు బస్టాండు మేడం గొంతులా ఉందండీ" అంది. నేనే అని చెప్పేశాను. చెప్పకూడదట గానీ, నోరాగలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? జవాబు రాయి. పొగడటం మర్చిపోకు.

గాల్లో తేలుతున్న
మీ అక్క


ఫిబ్రవరి 25

అక్కా,

నీ ఉత్తరం చదివి నేనూ, నాకంటే ముందు కళ్ళజోడాయనా సంతోషించాం. కవరు ఇస్తూ, "మీ అక్కకి నా అభినందనలు రాయి" అన్నాడు. ఆయన మొహంలో నవ్వు చూడటం ఇక్కడెవరికీ అలవాటు లేదు, భయపడ్డాం.

ఇక్కడ మామూలే. కిటికీలకి రేకులు కొట్టేశారు, బయట ఎండో వానో తెలీదు. అచ్చయిన ప్రశ్నపత్రాలు లెక్కపెట్టడం, కట్టలు కట్టడం, సీలు వెయ్యడం, పడుకోవడం. పరీక్షలయ్యేదాకా తలుపు తియ్యరు, ఫోన్ ముట్టనివ్వరు. ఉత్తరాల్లో నంబరు కనిపిస్తే సిరాతో కొట్టేస్తున్నారు.

నాకు కొన్ని అనుమానాలున్నాయి, తిట్టకు. ఆ ఆఫీసు ఎక్కడ? నువ్వు చూశావా? నీ పైవాడి మొహమైనా చూశావా? పెద్ద కంపెనీ పేరు చెప్తున్నారు సరే, ఆ కంపెనీ సొంత నంబరు నువ్వే వెతుక్కుని, ఫోన్ చేసి అడిగావా? నిన్ను డబ్బేమైనా కట్టమన్నారా? ఎవరైనా గంటలో ఉద్యోగం ఇచ్చారంటే నాకు ఎందుకో మింగుడు పడదు.

ఇంకో సంగతి. నా పక్క మంచం మెషిన్ బాబాయ్‌ది. అచ్చు యంత్రం నడుపుతాడు కాబట్టి ఆ పేరు. మనకి చుట్టం కాదు గానీ, నేను చేరినప్పుడు చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే. భార్య లేదు, ఒక్కతే కూతురు. మందుల షాపులో చేస్తోంది, యజమానిది పాడు నోరు. నీ ఉద్యోగం మాట చెప్పగానే మంచంమీద లేచి కూర్చున్నాడు. ఆ పిల్లకి చెప్పమంటావా? నువ్వు ఊ అంటేనే చెప్తాను.

బావని అడిగానని చెప్పు.

లోపలి
తమ్ముడు


మార్చి 1

ఒరేయ్ అనుమానాల పుట్టా,

పొగడమంటే పోలీసు విచారణ మొదలెట్టావు. అక్కకి నాలుగు డబ్బులొస్తుంటే కళ్ళలో నిప్పులు పోసుకుంటారట్రా ఎవరైనా? ఆఫీసు చూడలేదు, నిజమే. ఇంటినుంచి పని అంటే ఇంట్లో కూర్చునే చేస్తారు, ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యరు. పైవాడు మెసేజుల్లోనే మాట్లాడతాడు. రోజూ పొద్దున ఒక గుంపులో ఆ రోజు నంబర్లూ, చదవాల్సిన మాటలూ పెడతాడు, సాయంత్రానికి అవి వాటంతటవే చెరిగిపోతాయి. పద్ధతంటే పద్ధతి.

డబ్బు అడిగారా అంటావా? నన్ను పైసా అడగలేదు సరికదా, మొదటి జీతం కూడా వేశారు! ఉద్యోగమిస్తామని డబ్బు గుంజేవాడు మోసగాడని నాకూ తెలుసు. ఎదురు జీతమిచ్చేవాడు మోసగాడెలా అవుతాడురా తెలివైనవాడా? కంపెనీకి ఫోన్ చేసి "మీరు దొంగలా" అని అడగమంటావు. ఉన్న ఉద్యోగం కాస్తా ఊడుతుంది.

నవ్వొచ్చే సంగతేంటంటే, ఫోన్లో నేను నా పేరు చెప్పకూడదు. వాళ్ళే ఒక స్టైలు పేరు పెట్టారు. ఈ వయసులో నాకు మళ్ళీ నామకరణం! మీ బావ ఆ పేరుతో పిలిచి ఏడిపిస్తున్నాడు.

ఆ బాబాయ్ గారమ్మాయికి నిరభ్యంతరంగా చెప్పించు. నా మాటగా చెప్పమను. మంచి పనికి అడుగుతారా ఎవరైనా?

అలిగిన
మీ అక్క


మార్చి 14

అక్కా,

తప్పయింది, అలక మాను. నీకు జీతం పడిందని చదివాక నా నోరు మూతపడింది.

బాబాయ్ ఆ రోజే కూతురికి ఉత్తరం రాశాడు. ఇవాళ జవాబొచ్చింది. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందట! ఫోన్ చేసింది బస్టాండు మేడమేనట, మూడు ముక్కలు వినగానే పోల్చుకుందట. చిన్నప్పటినుంచీ ఆ గొంతు చెప్పిన చోటే బస్సు ఉండేది కాబట్టి, ఏమీ ఆలోచించలేదని రాసింది. మందుల షాపు మానేసింది. ఆ యజమాని మొహమ్మీదే, "ఇన్నాళ్ళు మీ తిట్లు తిన్నాను, ఇక మీరే తినండి" అని వచ్చేసిందట. కంప్యూటరుకోసం ముందుగా కొంత కట్టమంటే దాచుకున్నది కట్టిందట. అదొక్కటే నాకు కాస్త గుచ్చుకుంది, కానీ నువ్వున్నావు కదా అని ఊరుకున్నాను.

బాబాయ్ ఆ ఉత్తరం యంత్రం పక్కన నిలబడి అందరికీ చదివి వినిపించాడు. నా భుజం మీద చెయ్యేసి, "మీ అక్క కడుపు చల్లగుండాలి" అన్నాడు. కళ్ళు తుడుచుకోబోతే, చేతికున్న సిరా అంటుకుని ఆయన మొహమంతా నలుపైంది. చాలా నవ్వుకున్నాం.

గర్వంగా
నీ తమ్ముడు


మార్చి 14

బుడ్డోడా,

ఎక్కువ రాయలేను. గొంతు నొప్పి, డాక్టరు మాట్లాడొద్దన్నాడు. పని మానేశాను.

నీకు చెప్పిన ఆ సంగతి ఎవరికీ చెప్పకు. ఇప్పటికే చెప్పి ఉంటే వెంటనే ఆపించు. అది బయటికి పొక్కితే నేను తలెత్తుకుని తిరగలేను. ఎందుకని అడక్కు, ఉత్తరంలో రాసేది కాదు. ఇది చదవగానే చించెయ్యి.

అక్క


మార్చి 20

అక్కా,

ఏం రాశావే తల్లీ! నీ ఉత్తరం నా చేతికి రాలేదు. తిన్నగా పైవాళ్ళ బల్లమీదికి వెళ్ళింది. "ఆ సంగతి ఎవరికీ చెప్పకు, చెప్పి ఉంటే ఆపించు, బయటికి పొక్కితే, చదవగానే చించెయ్యి." ప్రశ్నపత్రాలు అచ్చువేసే చోటికి రాసే మాటలేనా ఇవి? నేను పేపరు బయటికి చేరవేశాననుకున్నారు. నా మంచం, పెట్టె, చెప్పుల అట్టలతో సహా విప్పి వెతికారు. కట్టల గదిలో అడుగుపెట్టొద్దన్నారు. రోజంతా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కన ఒక మనిషిని కాపలా పెట్టారు. నిన్నటిదాకా నాతో జోకులేసినవాళ్ళు ఇవాళ పళ్ళెం తీసుకుని దూరంగా జరుగుతున్నారు. దొంగతనం చెయ్యకుండానే నాకు సిగ్గేస్తోంది.

బాబాయ్ ఒక్కడే నాకోసం పోట్లాడాడు. "వాడి అక్క ఎవరనుకున్నారు? బస్టాండు మైకులో చెప్పే మనిషి. ఆ ఇంట్లో అబద్ధానికి చోటు లేదు. నా కూతురికి అన్నం పెడుతోంది ఆవిడ" అని ఇక్కడి పెద్దాయనతోనే అన్నాడు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? ఉప్పునీళ్ళు పుక్కిలించు, చల్లనివి ముట్టకు. కానీ అక్కా, నీ గొంతు నొప్పికీ, ఆ రహస్యానికీ పొత్తేంటి? బావతో ఏమైనా గొడవా? జబ్బు పెద్దదా? ఏదైనా సరే, తిన్నగా, అరటిపండు ఒలిచినట్టు రాయి. లేకపోతే నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, కేసే పెడతారు.

తమ్ముడు


మార్చి 23

తమ్ముడూ,

నా గొంతుకి ఏ జబ్బూ లేదు. అబద్ధం రాశాను. కళ్ళజోడుగారూ, మీరూ చదవండి, ఈసారి దాచేదేమీ లేదు. నా తమ్ముడు ఏ పాపమూ ఎరగడు. అది ప్రశ్నపత్రాల సంగతి కాదు, నా సిగ్గుమాలిన సంగతి.

నీకు ఆ ఉత్తరం రాసిన రోజు జిరాక్సు షాపుకి వెళ్ళాను. ముందు ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ఉద్యోగంలో చేరమని వచ్చిన కాగితం. కాగితం మీద నా పేరే, అదే, వాళ్ళు నాకు పెట్టిన పేరు. షాపాయనతో చెప్తోంది: "మా చెల్లెలు అప్పుచేసి కట్టిందండీ. ఆ అడ్రసుకి వెళ్తే పాత గోడౌను, తాళం. ఫోన్ ఎత్తరు. ఇలాంటివి చాలా విన్నాం, నమ్మేవాళ్ళం కాదు. కానీ బస్టాండు మేడం గొంతండీ! ఆవిడే అయ్యుండి కూడా ఇలా..." అని ఒక తిట్టు తిట్టింది. ఆ తిట్టు రాయను. న్యాయమైన తిట్టే.

ఇంతలో షాపాయన నావైపు తిరిగి, "మీకేం కావాలమ్మా?" అన్నాడు. నోరు తెరిస్తే ఆవిడ పోల్చుకుంటుంది. నేనేం చేశానో తెలుసా? మూగదానిలా చేత్తో సైగ చేశానురా. రెండు వేళ్ళు చూపించి, రెండు కాపీలన్నట్టు. పాపం, ఆవిడ జాలిపడి నాకు దారిచ్చింది. "ముందు ఈవిడకి ఇచ్చి పంపండి, మాట రాదల్లే ఉంది" అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఆ కాపీలు ఎందుకు తీయించానో కూడా గుర్తులేక కూర్చున్నాను.

నువ్వడిగిన ఆ ఒక్క ఫోనూ అప్పుడు చేశాను. అసలు కంపెనీ నంబరు వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "మాకు అలాంటి ఆఫీసే లేదండీ, ఉద్యోగంలో చేరేవాళ్ళ దగ్గర మేం ఏ డబ్బూ తీసుకోం" అన్నారు. పైవాడిని అడిగాను. అడగడం ఆలస్యం, నన్ను గుంపులోంచి తీసేశాడు. నేను ఎవరెవరికి చేశానో ఒక్క నంబరూ నా దగ్గర లేదు.

నా దగ్గర డబ్బు గుంజలేదు కాబట్టి మోసం కాదనుకున్నాను. నా దగ్గర వాళ్ళకి కావాల్సింది డబ్బు కాదురా. ఇన్నేళ్ళుగా ఊరు నామీద పెట్టుకున్న నమ్మకం. అది ఊడ్చుకుపోయారు. నాకు పడిన జీతం ఆ పిల్లలు కట్టిందే. మొన్న దాంతోనే మీ బావకి చొక్కా కొన్నాను. మీ బావకి ఇంకా చెప్పలేదు, ఆ పేరుతోనే పిలిచి ఆటపట్టిస్తున్నాడు.

ఇవన్నీ ఒకెత్తు. నీ ఉత్తరం నా ఉత్తరానికి ఎదురొచ్చింది. బాబాయ్ గారమ్మాయి కూడా అందులో ఉందని చదివాక నాకు చావు రాలేదంతే. పైగా ఆయన నన్ను చూసి నీకు పూచీ పడ్డాడు!

ఒక్కటి అడుగుతాను, కాదనకు. మీ పెద్దలకి ఈ ఉత్తరం చూపించి నువ్వు బయటపడు. ఆయనకి మాత్రం చెప్పకు. పరీక్షలయ్యేదాకా. ఆ పిల్ల దగ్గరికి నేనే వెళ్తాను. అడ్రసు కనుక్కుందామని రెండుసార్లు చెప్పులేసుకుని, గుమ్మందాకా వెళ్ళి విప్పేశాను. ఏ మొహంతో వెళ్ళను?

అక్క


మార్చి 28

అక్కా,

ఆలస్యమైంది. నీ ఉత్తరం చూడగానే పెద్దాయన అందరినీ పిలిచాడు. అందరి ముందూ నిందపడ్డాను కాబట్టి అందరి ముందే తుడవాలన్నాడు. మంచికే అన్నాడు. కళ్ళజోడాయన చేత మొదటినుంచీ చివరిదాకా పైకి చదివించాడు. నేను ఆపబోయాను, ఎవరూ వినలేదు. బాబాయ్ నా పక్కనే నిలబడి విన్నాడు. "ఆయనకి మాత్రం చెప్పకు" అన్న మాట కూడా విన్నాడు.

పరుపు చుట్టుకుని గది అవతలి మూలకి వెళ్ళిపోయాడు. మళ్ళీ కట్టల గదిలోకి రానిచ్చారు నన్ను, కానీ యంత్రం దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. ఎంపికయ్యారని చెప్పింది నువ్వయితే, నువ్వున్నావని చెప్పింది నేను. ఆ డబ్బు మాట గుచ్చుకుందని రాసి కూడా నోరు మూసుకున్నాను. నీకొక్కదానికే కాదు, నాకూ తల కొట్టేసినట్టుంది.

ఇవాళ పొద్దున ఆయనే వచ్చాడు. చేతిలో కూతురి కొత్త ఉత్తరం. కంపెనీవాళ్ళు అసలు సర్టిఫికెట్లు పంపమన్నారట, ఆమె రేపో ఎల్లుండో కొరియరులో వేస్తుందట. ఆయన జవాబు మామూలుగా వెళ్తే చేరేసరికి అవి కూడా పోతాయి. ఒక్క ఫోన్ చేసుకోనివ్వమని పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఒకరికి ఫోన్ ఇస్తే అందరికీ ఇవ్వాలి, కుదరదన్నారు. కళ్ళజోడాయన ఈ ఉత్తరం మాత్రం ఇవాళే మనిషి చేత నీకు పంపిస్తానన్నాడు. వెనక పేజీలో ఆ పిల్ల అడ్రసుంది, దాన్ని సిరాతో కొట్టెయ్యనన్నాడు.

బాబాయ్ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీ అక్క నోటితో చెప్తే నమ్మింది. వద్దని కూడా ఆ నోటితోనే చెప్పమను. సిగ్గుపడటానికి తర్వాత బోలెడంత టైముంది."

వెళ్ళు అక్కా.

తమ్ముడు


మార్చి 30

తమ్ముడూ,

వెళ్ళాను. బయల్దేరేముందు మీ బావకి చెప్పాను. ఆ చొక్కా విప్పి మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. "నేను రానా?" అన్నాడు. వద్దన్నాను.

ఆ పిల్ల వాకిట్లోనే ఉంది. "అమ్మా" అన్నానో లేదో, "మేడం! మీరే వచ్చారా!" అని రెండు చేతులూ పట్టుకుంది. కుర్చీ తుడిచి వేసింది. పక్కింటావిడని కేకేసి, "మా కంపెనీ మేడం, స్వయంగా వచ్చారు" అని చూపించింది. నేను భూమిలోకి కుంగిపోతున్నాను, అది మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. బల్లమీద కొరియరు కవరు అంటించి సిద్ధంగా ఉంది.

చెప్పేశాను. అంతా మోసమమ్మా, ఆ కవరు పంపకు అన్నాను. అది నవ్వింది! "నాకు తెలుసు మేడం, మీరు పరీక్షిస్తున్నారు. మీరే చెప్పారుగా, అసూయతో ఎవరైనా వచ్చి ఇది మోసమంటారు, చెవిన పెట్టొద్దని."

చెప్పానురా. ఆ రోజు చదవాల్సిన మాటల్లో అదీ ఉంది. ఇంపుగా, ఒత్తి ఒత్తి చదివాను. నన్ను నమ్మొద్దని నేనే చెప్తే ఎలా నమ్ముతుంది? ఇక వేరే దారి లేక, ఆ మాటలన్నీ మొదటినుంచీ అప్పజెప్పడం మొదలుపెట్టాను. అదే గొంతు, అదే వేగం. మీరు వందలమందిలో ఎంపికయ్యారు. మీ మాటతీరు మా పెద్దవాళ్ళకి చాలా నచ్చింది. మీ నాన్నగారు గర్వపడతారు. "ఇది అందరికీ చదివానమ్మా. నీ మాటతీరు ఎవరూ వినలేదు. నాన్నగారున్నారో లేరో కూడా తెలీకుండా చదివాను" అన్నాను.

దాని మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేకపోయాను, తల దించుకునే ఉన్నాను. ఇంకా ఏదో అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంక మాట్లాడకండి మేడం. మీ గొంతు వింటుంటే మళ్ళీ నమ్మాలనిపిస్తోంది."

అది ఏడుస్తున్నంతసేపూ ఊరికే కూర్చున్నాను. ఓదార్చడానికి కూడా నాకు నోరు లేదు. చివరికి లేచి మొహం కడుక్కుని, కవరు చించి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. బాబాయ్‌కి ముందు ఈ మాట చెప్పు, అవి ఇంట్లోనే ఉన్నాయి. కట్టిన డబ్బు వస్తుందో రాదో తెలీదు. మందుల షాపుకి మాత్రం చచ్చినా వెళ్ళనంది.

తర్వాత చెప్పులేసుకుంటూ, "పోలీసు స్టేషనుకి పదండి" అంది. దారంతా నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది.

స్టేషన్లో రాసుకునే ఆయన అడిగినదానికల్లా ఆ పిల్లే జవాబు చెప్పింది. ప్రకటన ఎక్కడ చూసిందీ, ఎలా కట్టిందీ, అన్నీ. నేను గోడవారగా నిలబడ్డాను. ఆయన తలెత్తకుండా, "ఫోన్ చేసినామె ఎవరో తెలుసా?" అన్నాడు.

అది నావైపు చూపిస్తే సరిపోయేది, చూపించలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. తెలీదని చెప్తుందేమోనని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నాకు ఆశ పుట్టిందిరా. ఆ మాట నీకు రాయకపోతే నాకు నిద్రపట్టదు.

అప్పుడది నావైపు తిరిగింది. "ఇప్పుడు మాట్లాడండి మేడం" అంది.

నేనేనండీ అన్నాను. బయటికి సరిగా వినిపించలేదనుకుంటాను, ఆయన కలం ఆపి, "కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. గట్టిగా చెప్పాను. నా సొంత పేరుతో చెప్పాను.

అక్క